సాన్ ఫూ థియె: బాబు ఉబ్బసానికి వీపు మీద చైనా మందు పట్టీలు వేయించవచ్చా?

సుజౌ_సుధ | 12 జూలై 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేము రెండేళ్లుగా చైనాలో, సుజౌలో ఉంటున్నాం. మా బాబుకి ఆరేళ్లు. రెండో ఏట నుంచి ఉబ్బసం. మా అత్తగారు పాల ఉబ్బసం, అయిదేళ్లు దాటితే అదే పోతుంది అనేవారు. పోలేదు. ఇక్కడ నవంబర్‌లో చలి మొదలైందంటే చాలు, అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. డొక్కలు ఎగరేస్తుంటే చూడలేం. ఉదయం, రాత్రి ఫ్లూటికసోన్ (పీల్చే స్టెరాయిడ్) పఫ్ స్పేసర్‌తో, అంటే మాస్కు ఉన్న గొట్టంతో, ఇస్తున్నాం. ఆయాసం వస్తే ఊపిరి గొట్టాల్ని విప్పే సాల్బ్యుటమాల్.

మొన్న పిల్లల ఆస్పత్రిలో చెకప్ అయ్యాక అక్కడి డాక్టరే, చైనా వైద్యం విభాగంలో కూడా ఒకసారి చూపించండి అని చీటీ రాశారు. అదే బిల్డింగ్, రెండంతస్తుల పైన. అక్కడి డాక్టరమ్మ బాబు నాలుక చూసి, మణికట్టు పట్టి చూసి, 20వ తేదీ నుంచి 'సాన్ ఫూ థియె' వేయించమన్నారు. మందు ముద్ద పెట్టిన చిన్న పట్టీలు, వీపు మీద. పదేసి రోజుల తేడాతో మూడుసార్లు. మూడేళ్లు వరసగా రావాలట.

చలికాలంలో ముదిరే జబ్బుకి నడి వేసవిలో మందేమిటో నాకు అర్థం కాలేదు. మావారు వద్దంటున్నారు. నాకేమో ఒక్క చలికాలమైనా వాడు హాయిగా నిద్రపోతే చాలు అనిపిస్తోంది. ఎవరైనా వేయించారా? అందులో ఏముంటుంది?

నల్లకుంట_రాజు | 12 జూలై 2025, రాత్రి 10:15

సుధ గారూ, మీరు రాసింది చదవగానే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ గుర్తొచ్చింది. మృగశిర కార్తెకి చేప ప్రసాదం. నా చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద ఎక్కించుకుని లైన్లో నిలబడ్డారు. నోట్లో బతికున్న కొర్రమీను పిల్ల, పసుపుపచ్చ ముద్ద, ఆ గిలగిల ఇప్పటికీ నాలుక మీదే ఉంది. మమ్మల్ని కూడా మూడేళ్లు వరసగా రమ్మన్నారు. తిథి, కార్తె చూసి ఉబ్బసానికి మందు వేయడం వాళ్లకీ ఉందని ఇప్పుడే తెలిసింది. దీని వెనక వాళ్ల ఆలోచన ఏమిటో తెలిసినవాళ్లు చెప్తే వినాలని ఉంది.

డా_మాధవి | 13 జూలై 2025, ఉదయం 6:50

నేను ఎంబీబీఎస్ నాన్‌జింగ్‌లో చేశాను. మాకు చైనా వైద్యం కూడా ఒక సబ్జెక్టుగా ఉండేది. ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లల వార్డులో పని చేస్తున్నాను. డ్యూటీకి ముందు రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

ఉబ్బసాన్ని వాళ్లు 'శ్యావ్ చ్వాన్' అంటారు. అవి రెండు మాటలు. శ్యావ్ అంటే గొంతులో వినపడే కూత, చ్వాన్ అంటే రొప్పు. మనం పిల్లికూతలు అంటాం కదా. సుమారు 1800 ఏళ్ల కింద హాన్ రాజుల కాలంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు, దగ్గుతో ఊపిరి పైకి తన్ని గొంతులో కప్ప అరిచినట్టు ఉంటే ఫలానా కషాయం ఇవ్వండి అని రాశాడు. మనకి పిల్లి వినపడింది, ఆయనకి కప్ప.

ఇక అసలు సంగతి. వాళ్ల లెక్కలో ఉబ్బసం ఉన్న పిల్లాడి ఒంట్లో 'దాగిన కఫం' ఉంటుంది. బాగున్న రోజుల్లో కూడా ఊపిరితిత్తుల్లో అది కూర్చునే ఉంటుంది. చల్లగాలి తగిలినా, జలుబు చేసినా, పడనిది తిన్నా అది కదిలి శ్వాస దారికి అడ్డం పడుతుంది. అప్పుడు ఆయాసం. మరి ఆ కఫం ఎక్కడిది? 'కఫాన్ని పుట్టించేది ప్లీహం, దాచిపెట్టే కుండ ఊపిరితిత్తి' అని వాళ్లకి ఒక నానుడి ఉంది. ఇక్కడ ప్లీహం అంటే మనం స్కాన్‌లో చూసే ప్లీహం కాదు, తిన్నది అరిగించే శక్తి మొత్తానికీ వాళ్లు పెట్టుకున్న పేరు. మూడోది మూత్రపిండం. పీల్చిన గాలిని కిందికి లాగి పట్టుకునేది అదేనని వాళ్ల నమ్మకం. పైపైన రొప్పుతూ గాలి లోపలికి దిగని పిల్లాడిని చూసి, పట్టు బలహీనంగా ఉంది అంటారు.

పిల్లల విషయంలో ఇంకో మాట కలుస్తుంది. సోంగ్ రాజుల కాలంలో ఛియెన్ యీ అనే పిల్లల వైద్యుడు ఉండేవాడు. ఆయన పాఠాలు 1119లో పుస్తకంగా వచ్చాయి. పిల్లల అవయవాలు లేతవి, ఇట్టే నీరసిస్తాయి, ఇట్టే వేడెక్కుతాయి, ఇట్టే చల్లబడతాయి అన్నది ఆయన మాట. తర్వాత మింగ్ కాలంలో వాన్ ఛ్వాన్, పిల్లల్లో ఊపిరితిత్తి, ప్లీహం, మూత్రపిండం ఈ మూడూ పుట్టుకతోనే తక్కువ బలంతో ఉంటాయన్నాడు. ఉబ్బసానికి కారణమని వాళ్లు చెప్పేదీ సరిగ్గా ఈ మూడే. అందుకే ఇది పిల్లలకి ఎక్కువగా వచ్చే జబ్బు అని వాళ్ల వివరణ.

వైద్యం పద్ధతికి మూలసూత్రం 14వ శతాబ్దపు జూ దాన్‌షీది. ఆయాసం లేనప్పుడు ఒంటి బలం పెంచు, ఆయాసం వచ్చినప్పుడు ముందు దాన్ని తరుము. సుధ గారూ, నడి వేసవిలో ఎందుకన్న మీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. సాన్ ఫూ అంటే ఏడాదిలో అత్యంత వేడిగా, ఉక్కగా ఉండే మూడు విడతలు. అప్పుడు పిల్లాడు బాగుంటాడు, చర్మ రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి, వేడి మందు లోపలికి దిగి దాగిన చల్లని కఫాన్ని కరిగిస్తుంది అనుకుంటారు. 'చలికాలపు జబ్బుకి వేసవిలో వైద్యం' అనేది అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాట. జూలైలో చైనా వైద్యం ఆస్పత్రుల ముందు తెల్లవారకముందే క్యూలు నేను కళ్లారా చూశాను.

ఇది వాళ్ల ఆలోచనా విధానం. ఇది నిజమా, పని చేస్తుందా అన్నది వేరే ప్రశ్న. సాయంత్రం రాస్తాను.

సుజౌ_సుధ | 13 జూలై 2025, ఉదయం 10:05

డాక్టర్ గారూ, ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ఇప్పుడు ఆ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటీ అర్థమవుతున్నాయి. కఫం తెల్లగా నురగలా ఉంటుందా, పచ్చగా చిక్కగా ఉంటుందా అని రెండుసార్లు అడిగారు. నిద్రలో తల చెమట పడుతుందా, అన్నం సరిగా తింటాడా, విరేచనం గట్టిగానా మెత్తగానా, చేతులు కాళ్లు చల్లబడతాయా. ఊపిరి గురించి తక్కువ, పొట్ట గురించి ఎక్కువ అడిగారేమిటా అనుకున్నాను. నాలుక మీద తెల్లటి జిగట పొర చూపించి, ఇది చలవ జబ్బే అన్నట్టు తల ఊపారు.

మా పక్కన ఒకావిడ ఏడాదిన్నర పాపని తెచ్చింది. ఆ పాపకి నాడి చూడలేదు. చూపుడువేలిని వెలుతురు వైపు తిప్పి, బొటనవేలి వైపున కనిపించే నీలి నరాన్ని చూశారు.

డా_మాధవి | 13 జూలై 2025, మధ్యాహ్నం 1:20

అవునండి, మూడేళ్ల లోపు పిల్లలకి అలాగే చూస్తారు. వేలి మూడు కణుపుల్నీ మూడు గడపలంటారు. నరం మొదటి కణుపులో ఆగితే తేలిక, రెండోది దాటితే ముదిరింది, గోరు దాకా పాకితే ప్రమాదం అని లెక్క. ఇక తెల్ల కఫం, తెల్ల పొర ఉంటే చల్లని రకం. పచ్చ కఫం, ఎర్ర నాలుక, దాహం ఉంటే వేడి రకం. రెండింటికీ మందులు పూర్తిగా వేరు. ఒక పిల్లాడి కషాయం ఇంకో పిల్లాడికి ఇవ్వకూడదని వాళ్లు గట్టిగా చెప్పేది అందుకే.

వైద్య_శారద | 13 జూలై 2025, మధ్యాహ్నం 3:45

నేను ఆయుర్వేద వైద్యురాలిని, విజయవాడ. చరక సంహితలో తమక శ్వాస (ఆయుర్వేదంలో ఉబ్బసం) వర్ణన చదివినవాళ్లకి ఇదంతా దగ్గరగా అనిపిస్తుంది. అక్కడ కూడా కఫం, అక్కడ కూడా మబ్బు పట్టినప్పుడు, చల్లగాలికి పెరగడం, పడుకుంటే ఆయాసం ఎక్కువై కూర్చుంటే తెరిపి. కానీ రెండూ ఒకటే అని ఎవరైనా చెప్తే నమ్మకండి. మూత్రపిండం ఊపిరిని పట్టి ఉంచుతుందన్న మాట మన శాస్త్రంలో లేదు. పేర్లు కలిశాయని మందులు కలపకూడదు. బాబుకి అక్కడి కషాయం నడుస్తుంటే ఊరి నుంచి చ్యవనప్రాశలు, లేహ్యాలు పంపించవద్దని మీ అత్తగారికి చెప్పండమ్మా.

ఫార్మసీ_మాస్టారు | 13 జూలై 2025, సాయంత్రం 6:30

విశాఖలో ఇరవై ఏళ్లుగా ఫార్మసీ పిల్లలకి పాఠాలు చెప్తున్నాను. మందుల లోపల ఏముందో నేను చెప్తాను.

ముందు పట్టీ. అందులో ప్రధానమైనది తెల్ల ఆవాలు. అవును, ఆవాలే. వాటికి యాన్ హూ సువో, గాన్ స్వెయ్, షీ షిన్ అనే మూలికల పొడి కలిపి, పచ్చి అల్లం రసంతో ముద్ద చేస్తారు. ఈ తరహా పట్టు 1695లో జాంగ్ లూ అనే వైద్యుడి గ్రంథంలో ఉంది. ఆవాలు నూరి తడిపితే ఐసోథయోసయనేట్లు అనే ఘాటు రసాయనాలు విడుదలవుతాయి, చర్మం మంట పుట్టేది వాటి వల్లే. మా అమ్మమ్మ మోకాళ్లకి ఆవపిండి పట్టు వేసి, గడియారం చూస్తూ కూర్చునేది. ఎక్కువసేపు ఉంచితే బొబ్బే. పిల్లల చర్మానికి ఇంకా త్వరగా.

తర్వాత కషాయాలు. చల్లని రకానికి 'చిన్న నీలి డ్రాగన్ కషాయం' ఇస్తారు. ఎనిమిది వస్తువులు. అందులో శొంఠి, అతిమధురం, దాల్చిన చెట్టు రెమ్మలు మనకి తెలిసినవే. ముఖ్యమైనది మాత్రం 'మా హ్వాంగ్' అనే మొక్క, అంటే ఎఫెడ్రా. దీని కథ మా క్లాసులో ఏటా చెప్తాను. 1885లో జపాన్‌లో నాగాయి అనే శాస్త్రవేత్త దాని నుంచి ఎఫెడ్రిన్ వేరు చేశాడు. 1924లో పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీలో చెన్, ష్మిట్ అనే ఇద్దరు అది అడ్రినలిన్‌లా పని చేస్తుందని చూపించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ప్రపంచమంతా ఉబ్బసానికి ఎఫెడ్రిన్ మాత్రలు మింగింది. ఈ రోజు మీ బాబు జేబులో ఉన్న సాల్బ్యుటమాల్ కూడా అదే దారిలో, గుండెని తక్కువ కదిలించి ఊపిరి గొట్టాల్నే విప్పేలా మెరుగుపరిచిన మందు. అంటే పాత చైనా వైద్యుల కన్ను వృథా పోలేదు.

కానీ అదే ఎఫెడ్రా గుండె వేగం పెంచుతుంది, బీపీ పెంచుతుంది, నిద్ర పట్టనివ్వదు. అమెరికాలో 2004లో ఎఫెడ్రా ఉన్న సప్లిమెంట్లని నిషేధించారు. ఇంట్లో ఎఫెడ్రా కషాయం, పైన సాల్బ్యుటమాల్ రెండూ పడితే పిల్లాడి గుండె దడదడలాడుతుంది. ఆయాసం తట్టుకోలేక అని తల్లి అనుకుంటుంది.

ఇంకొక్క మాట, ఇది నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. ఛియెన్ యీ గురించి డాక్టరమ్మ రాశారు కదా, ఆయన పిల్లల దగ్గుకి, ఆయాసానికి ఇచ్చిన ఒక ప్రసిద్ధ మందులో మా దౌ లింగ్ అనే కాయ ఉండేది. మన ఈశ్వరి తీగ జాతి. అందులోని అరిస్టలోకిక్ యాసిడ్ మూత్రపిండాల్ని శాశ్వతంగా దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. 1990లలో బెల్జియంలో సన్నబడటానికని చైనా మూలికలు వాడిన ఆడవాళ్లకి మూత్రపిండాలు పోయినప్పుడు ప్రపంచానికి ఇది తెలిసింది. చైనా తన 2020 ఫార్మకోపియా (అధికారిక మందుల పుస్తకం) నుంచి మా దౌ లింగ్‌ని తీసేసింది. వందల ఏళ్లు పిల్లలకి ఇచ్చారు కాబట్టి మంచిదే అనే మాట నేను ఒప్పుకోనిది ఇందుకే. మూత్రపిండం దెబ్బ నెమ్మదిగా, ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఏ వైద్యుడి కంటికీ అది ఉబ్బసం మందు వల్ల అని కనపడదు. పట్టీలో షీ షిన్ అన్నాను కదా, అదీ ఆ కుటుంబానిదే. వేరు మాత్రమే వాడాలని ఇప్పుడు నియమం, ఆకులో విషం ఎక్కువ కాబట్టి. పేరున్న ఆస్పత్రిలో తయారైన పట్టీ అయితే వేయించండి. ఆన్‌లైన్లో దొరికేవి మాత్రం వద్దు.

గుంటూరు_నాన్న | 13 జూలై 2025, రాత్రి 9:10

నేను మాట్లాడేది మందుల గురించి కాదు. మూడేళ్ల క్రితం మేము గ్వాంగ్‌జౌలో ఉన్నప్పుడు, తెలిసినవాళ్లు చెప్పారని ఒక ప్రైవేటు మూలికల షాపుకి వెళ్లాం. అక్కడాయన పఫ్ చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉంది, పిల్ల ఎదగదు, ఆపేసి ఈ పొడి వాడండి అన్నాడు. మేము ఆపేశాం. రెండు వారాలు పాప చక్కగా ఉంది. నేను అందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాను. పద్దెనిమిదో రోజు రాత్రి పాప మాట్లాడలేకపోయింది. 'నాన్నా' అనడానికి కూడా ఊపిరి చాలలేదు. పెదాలు నీలంగా అయిపోయాయి. నాలుగు రోజులు ఐసీయూ.

ఆస్పత్రిలో డాక్టరు వివరించారు. రోజూ పీల్చే స్టెరాయిడ్ ఊపిరి గొట్టాల లోపలి వాపుని అణచి ఉంచుతుంది. ఆపిన వెంటనే ఏమీ తెలియదు. వాపు నెమ్మదిగా తిరిగొస్తుంది. ఆ రెండు వారాల మంచితనం పొడిది కాదు, పాత పఫ్‌ది.

సుధమ్మా, ఏమైనా వేయించు. పఫ్ మాత్రం ఆపకు. డొక్కలు లోపలికి పోతున్నా, మాట ముక్కలు ముక్కలుగా వస్తున్నా, సాల్బ్యుటమాల్ ఇచ్చినా తెరిపి లేకపోయినా ఒక్క నిమిషం ఆలోచించకు. ఆస్పత్రికి పరుగెత్తు.

సుజౌ_సుధ | 13 జూలై 2025, రాత్రి 9:35

అన్నా, చదువుతుంటే చేతులు వణికాయి. పాప ఇప్పుడు ఎలా ఉంది? ఇక్కడి డాక్టరమ్మ మొదటి మాటే, పఫ్ మానొద్దు, నేనిచ్చేది దాని పక్కన నడుస్తుంది అన్నారు. పఫ్ తగ్గించాలంటే కింది అంతస్తు డాక్టరే చెప్పాలట.

గుంటూరు_నాన్న | 13 జూలై 2025, రాత్రి 9:50

బాగుందమ్మా. నాలుగో తరగతి. స్కూల్లో ఖోఖో ఆడుతోంది, పఫ్ వాడుతూనే.

డా_మాధవి | 13 జూలై 2025, రాత్రి 11:00

గుంటూరు నాన్న గారూ, మీరు రాసింది మా వార్డులో తల్లిదండ్రులందరికీ చదివి వినిపించాలని ఉంది. ఎదుగుదల భయం గురించి: పీల్చే స్టెరాయిడ్ వల్ల ఎత్తులో తేడా రావచ్చు, కానీ అది సుమారు ఒక సెంటీమీటరు. సరిగా ఊపిరాడక, నిద్రలేక, పదే పదే స్టెరాయిడ్ మాత్రలు మింగే పిల్లాడు నష్టపోయేది అంతకన్నా ఎక్కువ.

ఇక పని చేస్తుందా అన్న ప్రశ్న. చైనాలో ఈ పట్టీల మీద ట్రయల్స్ చాలానే జరిగాయి, చాలావాటిలో మేలు కనిపించిందనే రాశారు. చిక్కు ఎక్కడంటే, ఆవాల పట్టీ మండుతుంది. మండని ఉత్తుత్తి పట్టీ వేస్తే ఏది అసలుదో పిల్లాడికీ తెలిసిపోతుంది, తల్లికీ తెలిసిపోతుంది. పైగా ఉబ్బసం ఉన్న పిల్లల్లో చాలామంది పెద్దయ్యే కొద్దీ వాళ్లంతట వాళ్లే మెరుగవుతారు. మూడేళ్లు వరసగా వేయిస్తే ఆ మూడేళ్లలో పిల్లాడు కూడా మూడేళ్లు పెరుగుతాడు. పట్టీ వల్లా, వయసు వల్లా అని విడదీయడం కష్టం.

కషాయాల్లో ఒకటి మాత్రం నాకు ఆసక్తి. లింగ్‌జీ పుట్టగొడుగు, కూ షెన్, అతిమధురం మూడే కలిపిన మందుని 2005లో 91 మంది పెద్దవాళ్ల మీద, స్టెరాయిడ్ మాత్రతో పోల్చి చూశారు. ఊపిరి పరీక్షలు రెండు గుంపుల్లోనూ మెరుగయ్యాయి, మూలికల గుంపులో కార్టిసాల్, అంటే ఒళ్లు సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్, పడిపోలేదు. మంచి సంగతే. కానీ వాళ్లు పెద్దవాళ్లు, నాలుగు వారాలే చూశారు. ఆరేళ్ల పిల్లాడికి దాన్ని నేను అన్వయించలేను.

మీ బాబు విషయంలో నా అభిప్రాయం: పఫ్ నడుస్తూ, పేరున్న ఆస్పత్రిలో, చర్మం జాగ్రత్తగా చూసుకుంటూ పట్టీ వేయిస్తే నాకు అభ్యంతరం లేదు. కడుపులోకి ఇచ్చే కషాయానికి మాత్రం ఒప్పుకోను.

షెన్‌జెన్_లక్ష్మి | 14 జూలై 2025, ఉదయం 8:20

మా పాపకి రెండు వేసవులు వేయించాం అక్కా. జలుబులు తగ్గాయి. దేనివల్లో చెప్పలేను, అదే ఏడాది ఇంట్లో కార్పెట్ కూడా తీసేశాం.

తెలుసుకోవాల్సినవి చెప్తాను. పట్టీ వేసిన రోజు ఈత వద్దు, ఐస్‌క్రీమ్ వద్దు, రొయ్యలు వద్దు. వదులు కాటన్ చొక్కా వేయి. మండుతోందని పిల్లలు చెప్పిన క్షణమే తీసేయాలి, నర్సు చెప్పిన టైమ్ దాకా ఆగక్కర్లేదు. మేము మొదటిసారి ఆగాం, ఉద్దిగింజంత బొబ్బ వచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది వాళ్ల పిల్లల మర్దన, త్వెయ్ నా. ఒక్కో వేలు ఒక్కో అవయవానిది. ఉంగరపు వేలి కొస ఊపిరితిత్తిది, బొటనవేలు ప్లీహానిది. రాత్రి పడుకునేముందు వీపుకి 'నియె జీ' చేస్తాను. నడుము కింద నుంచి మెడ దాకా వెన్నెముక వెంట చర్మాన్ని రెండు చేతులతో చిటికెల్లా పట్టి దొర్లించుకుంటూ పోవడం, మూడు చిటికెలకి ఒకసారి పైకి లాగడం. పాప కితకితలకి నవ్వుతుంది. ఉబ్బసానికి ఏమో గానీ ఆ పావుగంట మా ఇద్దరిదీ.

సుజౌ_సుధ | 21 జూలై 2025, రాత్రి 8:45

నిన్న మొదటి పట్టీలు వేయించాం. మావారు కూడా వచ్చారు, మీ అందరివీ చదివాక.

ఉదయం ఆరున్నరకే హాలు నిండిపోయింది. అల్లం, ఆవాల ఘాటు. నర్సు ట్రేలో రూపాయి బిళ్లంత గోధుమరంగు ముద్దలు, తెల్ల టేపు మధ్యలో. బాబుని నా ఒళ్లో బోర్లా పడుకోబెట్టాను. మెడ వంచితే ఎత్తుగా తగిలే ఎముక కింద ఒకటి, దానికి అటూ ఇటూ రెండు, రెక్కల మధ్య రెండు. మొత్తం అయిదు. ఒక గంట అన్నారు. నలభై నిమిషాలకి 'అమ్మా, చీమలు పాకుతున్నాయి' అన్నాడు. లక్ష్మి మాట గుర్తొచ్చి వెంటనే తీయించాను. ఎర్రటి గుండ్రాలు అయిదు, సాయంత్రానికి మాసిపోయాయి. కషాయం వద్దని చెప్తే డాక్టరమ్మ ఏమీ అనుకోలేదు. చల్లటి పాలు, చల్లటి నీళ్లు మానిపించమని మాత్రం మళ్లీ చెప్పారు.

సుజౌ_సుధ | 22 డిసెంబర్ 2025, రాత్రి 10:10

చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు కాబట్టి రాస్తున్నాను. జూలై 30న, ఆగస్టు 9న కూడా వేయించాం. పోయిన ఏడాది నవంబర్, డిసెంబర్‌లలో అయిదుసార్లు అర్ధరాత్రి లేచాడు, ఒకసారి ఎమర్జెన్సీ. ఈసారి రెండుసార్లు, రెండూ ఇంట్లోనే సాల్బ్యుటమాల్‌తో సర్దుకున్నాయి. అయితే ఆగస్టులోనే కింది అంతస్తు డాక్టరు మా చేత పఫ్ కొట్టించి చూసి, మేము స్పేసర్ తప్పుగా పట్టుకుంటున్నామని చెప్పారు. మాస్కు ముఖానికి సరిగా ఆనేది కాదు. అది సరిచేసుకున్నాం. పరుపు కవర్లు మార్చాం. పట్టీలు ఉన్నాయి. ఏది ఎంత చేసిందో నాకు తెలియదు. డైరీ రాస్తున్నాను.

నల్లకుంట_రాజు | 23 డిసెంబర్ 2025, ఉదయం 7:30

చాలా సంతోషం సుధ గారూ. మా చెల్లెలి కుటుంబం మార్చిలో నింగ్‌బోకి వెళ్తోంది, మేనకోడలికి ఉబ్బసం. వచ్చే ఏడు పట్టీలు ఎప్పుడు మొదలవుతాయి?

సుజౌ_సుధ | 23 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 12:15

2026లో జూలై 15 అండి. మన కార్తెల్లాగే వాళ్లకీ ఒక లెక్క ఉంది: వేసవిలో పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజు దాటాక వచ్చే మూడో 'గెంగ్' రోజు. అది పది రోజులకోసారి వస్తుంది. రెండోది జూలై 25. మూడోది మాత్రం వాళ్ల లెక్కలో శరత్తు మొదలయ్యాక వచ్చే తొలి గెంగ్ రోజు, అందుకే ఈసారి ఇరవై రోజుల తేడాతో ఆగస్టు 14. ఆస్పత్రిలో వారం ముందే పేరు రాయించుకోవాలి. వెళ్లేటప్పుడు పాప పఫ్, స్పేసర్ రెండూ సంచీలో పెట్టమనండి, వాళ్లు అడిగి మరీ చూస్తారు.